పలుకని పన్ను

ఆరవయేడు వచ్చిన బిడ్డ నోటిలో ఒక పెద్ద మార్పు ఆరంభమగును. పాలపండ్లు ఒకదాని వెంట ఒకటి కదలి ఊడిపోవుచుండును. ఊడినదానిని ఇంటికప్పుమీదికి విసరి, క్రొత్తపన్ను చక్కగా రావలెనని కోరుకొనుట మన పల్లెలలో వాడుక. ఏడెనిమిదేండ్లకు పైదవుడ ముందుపండ్లు రెండును దిగును. ఇవి పాలపండ్లవలె నాలుగునాళ్ల చుట్టములు కావు, జీవితాంతము నిలువవలసినవి. అయితే పరుగులు తీయుట, చెట్లెక్కుట, సైకిలు నేర్చుకొనుట, అరుగులమీదనుండి దూకుట అనునవియు సరిగా ఈ యీడుననే సాగును. బోర్లపడిన బిడ్డ నోట మొదట దెబ్బ తగులునది తరచుగా ఈ క్రొత్త పంటికే.

అట్టి సమయమున తల్లిదండ్రులు దంతవైద్యుని అడుగు ప్రశ్న యొక్కటే: పన్ను బ్రతికియున్నదా? ప్రశ్న చిన్నదే. దానికి నమ్మదగిన జవాబును రాబట్టుటకు మాత్రము వైద్యలోకమునకు నూరేండ్లకు పైగా పట్టినది. ఆ చరిత్రను, అందు పిల్లల దంతములు పెద్దలకు నేర్పిన పాఠమును ఈ వ్యాసమున మనవి చేయుచున్నాము.

పన్ను పైకి రాతివలె కనబడినను లోపల సజీవమైనది. పైపొర ఎనామెలు, మన శరీరమునందలి పదార్థములన్నిటిలోను మిక్కిలి కఠినమైనది. దాని లోపల డెంటీను అను పొర గలదు. డెంటీను నడుమ చిన్న గదివంటి ఖాళీలో మెత్తని గుజ్జు ఉండును. వేరు కొననుండి రక్తనాళములును, నాడులును ఈ గుజ్జులోనికి చేరును. పంటికి పోషణము తెచ్చునది రక్తము. నొప్పి వార్తను మెదడునకు చేర్చునది నాడి. ఈ రెండింటికి గల భేదమును చదువరులు గుర్తుంచుకొనవలెను. ఇకముందు చెప్పబోవు కథయంతయు ఆ భేదముమీదనే నడచును.

శాశ్వతదంతము చిగురును చీల్చుకొని వెలికి వచ్చునాటికి దాని వేరు పూర్తిగా ఏర్పడియుండదు. పునాదిపని ముగియకమునుపే గృహప్రవేశము చేసిన యింటివంటిది అది. వేరు గోడలు పలుచగా ఉండును. కొన గరాటువలె వెడల్పుగా తెరచియుండును. పన్ను వెలువడిన పిదప సుమారు 3 ఏండ్లకు గాని వేరు పూర్తియై కొన మూసికొనదు. ఏడెనిమిదేండ్లకు వచ్చిన పై ముందుపంటి వేరు సుమారు పదవయేట పూర్తియగును. వేరు గోడలను లోపలనుండి మందముగా కట్టునది గుజ్జే. గుజ్జు చచ్చినచో వేరు ఎంతవరకు పెరిగెనో సాధారణముగా అంతటితో నిలిచిపోవును. కనుక పిల్లల విషయమున, పన్ను బ్రతికియున్నదా అను ప్రశ్నలో నొప్పి సంగతి మాత్రమే కాదు, ఆ పంటి భవిష్యత్తంతయు ఇమిడియున్నది.

పంటి లోపలి నిర్మాణము మానవునకు తెలిసివచ్చుటయే మెల్లమెల్లగా జరిగినది. హాలెండు దేశీయుడైన లీవెన్‌హోక్ తాను స్వయముగా సానపట్టుకొన్న కటకములతో పంటిని పరిశీలించి, అందు మిక్కిలి సన్నని గొట్టములు గలవని వ్రాసిన లేఖ 1678లో లండను రాయల్ సొసైటీ పత్రికలో అచ్చుపడెను. 1771లో జాన్ హంటర్ మానవదంతముల ప్రకృతిచరిత్రను గూర్చి తన ప్రసిద్ధగ్రంథమును ప్రకటించెను. 1835లో బ్రెస్లా నగరమున పుర్కిన్యే ఆచార్యుని శిష్యుడగు రాష్కోవ్, గుజ్జు అంచున నాడులు వలవలె అల్లుకొనియుండుటను వర్ణించెను. ఆ నాడీజాలమును నేటికిని రాష్కోవ్ పేరుతోనే పిలుచుచున్నారు. 1856లో ఆంగ్లదేశపు జాన్ టోమ్స్, డెంటీను గొట్టములలో మెత్తని పోగులు గలవని చూపెను. రాష్కోవ్ వర్ణించిన ఈ నాడీజాలము మరల మన కథలోనికి వచ్చును.

నిర్మాణము తెలిసినంతమాత్రమున ఎదుట కూర్చున్న రోగి పంటిలో జీవమున్నదో లేదో తెలియదు. గుజ్జు కంటికి కనబడదు. చేతికి అందదు. పన్నును తట్టి చూడవచ్చును. రంగు మారినదా అని చూడవచ్చును. అంతకంటె మేలైన ఉపాయము సామాన్యులు ఎన్నడో ఎరిగినదే. పుచ్చుపంటికి చన్నీళ్లు తగిలిన జివ్వుమనును; పుల్లమామిడి తిన్న పండ్లు పులియును. జివ్వుమన్న పంటిలో నాడి యున్నదనుటకు వేరే సాక్ష్యము అక్కరలేదు. ఈ లోకజ్ఞానమునే 1899లో జాక్ అను అమెరికా దంతవైద్యుడు క్రమమైన పరీక్షగా చేసి ప్రకటించెను.

ఈలోపల విద్యుత్తు రంగము మీదికి వచ్చినది. 1791లో గాల్వానీ కప్పకాళ్లు విద్యుత్తుచే అదరుటను గూర్చి తన గ్రంథమును ప్రకటించెను. 1800లో వోల్టా నిలకడగా విద్యుత్ప్రవాహము నిచ్చు బ్యాటరీని లోకమునకు తెలియజేసెను. 1831లో ఫారడే విద్యుత్ప్రేరణను కనుగొనెను. నాడిని కదిలించుటకు విద్యుత్తునకు మించిన సాధనము లేదని వైద్యులు గ్రహించిరి. 1867లో ఫ్రెంచి దంతవైద్యుడు మాజితో, పంటి రోగనిర్ణయమునకు విద్యుత్తును వాడవచ్చునని సూచించెను. 1891లో మార్షల్, 1896లో వుడ్‌వర్డ్ అను అమెరికా వైద్యులు ఈ త్రోవను ముందునకు నడిపించిరి.

పరీక్షావిధానము సులభమైనదే. పన్నును చక్కగా ఆరబెట్టి, ఉమ్మి తగులకుండ చుట్టును దూదివత్తులు పెట్టుదురు. యంత్రపు మొనకు కరెంటును బాగుగా ప్రసరింపజేయు పేస్టును పూసి పంటికి ఆనింతురు. పిదప కరెంటును సున్నానుండి మెల్లగా పెంచుచు పోవుదురు. రోగికి చీమ కుట్టినట్లుగనో, జిలజిలమనినట్లుగనో తోచినంతనే చేయి ఎత్తవలెను. అప్పుడు యంత్రముమీద కనబడు అంకెను వ్రాసికొందురు. అంకెలు కనబడు పరీక్షయనిన మనకు గురి ఎక్కువ. కనుకనే ఈ పరీక్షకు జీవపరీక్ష యను బిరుదు వచ్చెను. పలికిన పన్ను బ్రతికినది, పలుకని పన్ను చచ్చినది అను సూత్రము వ్యాపించెను.

1895 నవంబరులో రాంట్గెన్ ఎక్స్‌కిరణములను కనుగొనెను. కొద్దికాలమునకే, 1896 జనవరిలో, జర్మనీ దేశపు వాల్కాఫ్ తన దంతములకే ఛాయాచిత్రము తీసికొనెను. అందుకై ఆయన 25 నిమిషములు కదలక మెదలక ఉండవలసివచ్చెను. ఈ కిరణములవలన వేరు పొడవు, కొన తెరపు, చుట్టునున్న ఎముక స్థితి కంటికి కనబడసాగెను. పిల్లల పంటి వేరు ఎంతవరకు పెరిగినదో తెలిసికొనుటకు ఇది గొప్ప సాధనము. కాని గుజ్జులో ప్రాణమున్నదా లేదా అనునది ఆ చిత్రమున కనబడదు. ఎముక చెడిన తరువాతగాని చిత్రము ఆ సంగతి చెప్పజాలదు. కావున వైద్యులు విద్యుత్పరీక్ష మాటకే మరల చెవియొగ్గవలసివచ్చెను.

పెద్దల యెడ సూత్రము చాలవరకు నడచినది. పిల్లల దగ్గర అది చిక్కులోపడెను. దెబ్బ ఎరుగని, పుచ్చు లేని, చిగురు ఎర్రబారని చక్కని క్రొత్తపన్ను విద్యుద్యంత్రమునకు పలుకకుండెను. కరెంటును చివరి అంకె వరకు పెంచినను బిడ్డ చేయి ఎత్తడు. సూత్రమును అక్షరాల నమ్మినచో ఆ పన్ను చచ్చినదనవలెను. కాని చచ్చిన పంటికి వేరు పెరుగదు గదా! ఆరు నెలల తరువాత చిత్రము తీసిచూచిన అదే పంటి వేరు చక్కగా పెరిగియుండును. దోషము పంటిది కాదు, సూత్రముది.

ఈ చిక్కును విప్పుటకు మూడు దిక్కులనుండి కృషి జరిగినది. మొదటిది యంత్రమును గూర్చినది. 1946లో స్వీడను దేశపు బ్యోర్న్ దంతములను విద్యుత్తుచే ప్రేరేపించుటను గూర్చి విపులమైన పరిశోధనను ప్రకటించెను. 1962లో ఆయనయు, మమ్‌ఫోర్డ్ అను ఆంగ్ల పరిశోధకుడును కలిసి, విద్యుత్పరీక్షలోని సమస్యలను గూర్చి వ్రాసిరి. పంటికి చేరు ప్రవాహమెంత, అది ఎంతసేపు తగులుచున్నది అనునవి సరిగా కొలువనిదే అంకెలకు విలువ లేదని తేలినది. యంత్రమెంత మంచిదైనను అది ప్రశ్నించునది నాడినే కాని రక్తమును కాదనుటయు స్పష్టమైనది.

రెండవది సూక్ష్మదర్శినితో జరిగిన కృషి. 1964లో బెర్నిక్ అను పరిశోధకుడు చిగురు దాటి వెలువడిన మానవదంతములను, ఇంకను వెలువడని దంతములను ప్రక్కప్రక్కన పెట్టి, వాటి నాడుల పంపకములోని తేడాలను చూపెను. 1983లో జాన్సెన్, ఆయన సహచరులు చిన్న దవుడపండ్లలోని నాడీతంతువులను లెక్కపెట్టి, వేరుతోబాటు నాడీసంపదయు పెరుగుచు వచ్చునని నిరూపించిరి. గుజ్జులో రెండు విధములైన నాడీతంతువులు గలవు. కొన్నిటికి కొవ్వు తొడుగు ఉండును; ఇవి వార్తను వేగముగా మోయును, కొలది కరెంటునకే మేల్కొనును. తొడుగు లేనివి అంత సులభముగా మేల్కొనవు. క్రొత్తగా వచ్చిన పంటిలో తొడుగుగల తంతువులు తక్కువ. అవి డెంటీను అంచు వరకు ఇంకను చేరియుండవు. 1835లో రాష్కోవ్ వర్ణించిన నాడీజాలము వేరు పూర్తియగుదాక చక్కగా అల్లుకొనదు. రక్తము మాత్రము మొదటినుండియు నిండుగా ప్రవహించుచునే యుండును. అనగా ఆ పన్ను చచ్చినది కాదు; ఇంకను మాట నేర్వనిది.

రేడియో గల యిండ్లవారికి దీనిని సులభముగా చెప్పవచ్చును. క్రొత్తగా కొన్న రేడియోకు ఏరియలు ఇంకను కట్టలేదు. మీట త్రిప్పినను పాట వినబడదు. అంతమాత్రమున స్టేషను మూతపడినదని మనము తీర్మానింతుమా? స్టేషను పనిచేయుచునే యున్నది. వార్తను అందుకొను తీగ మాత్రమే సిద్ధము కాలేదు.

మూడవది పిల్లల నోటిలోనే నేరుగా జరిగిన పరీక్ష. 1976లో ఫుల్లింగ్, ఆండ్రియాసెన్ అనువారు పక్వత భేదమునుబట్టి శాశ్వతదంతములను వింగడించి, విద్యుత్పరీక్షను, శీతలపరీక్షను సరిపోల్చిరి. వేరు పూర్తికాని పండ్లు విద్యుత్తునకు నిలకడగా పలుకలేదు. కాని గట్టిపరచిన బొగ్గుపులుసుగాలి మంచునకు, వేరు పూర్తియైనను కాకున్నను, అవి పలికినవి. 1978లో క్లైన్ పెరుగుచున్న ముందుపండ్లను మాత్రమే తీసికొని, వేరు పెరుగుదలకును విద్యుత్పరీక్ష జవాబునకును గల సంబంధమును చూపెను. 1986లో ఫస్, ఆయన సహచరులు చేసిన పరిశీలనమునను చిన్నవారి దంతముల విషయమున బొగ్గుపులుసుగాలి మంచు వంటి తీవ్రశీతలములే విద్యుత్తుకంటెను, మామూలు మంచుగడ్డకంటెను నమ్మదగినవని తేలెను.

ఈ బొగ్గుపులుసుగాలి మంచు నీటిమంచువంటిది కాదు. దాని శీతలత సున్నాకు దిగువ 78 సెంటిగ్రేడు డిగ్రీలు. 1963లో ఒబ్‌వెగేసర్, స్టెయిన్‌హౌసర్ అనువారు దీనిని సన్నని పుల్లగా అదిమి పంటికి తాకించుటకు తగిన పరికరమును ప్రకటించిరి. అది క్షణకాలము తాకినంతనే తీసివేయుదురు గనుక పంటికి హాని కలుగదు.

కరెంటునకు పలుకని పన్ను చలికి ఏల పలుకవలెను? దీనికి సమాధానము డెంటీను గొట్టములలోనే యున్నది. 1900లో జ్యూరిచ్ నగరపు గీసి, ఈ గొట్టములలోని ద్రవము కదలుటయే పండ్లు జివ్వుమనుటకు కారణమై యుండునని ఊహించెను. 1960వ దశకమున స్వీడను పరిశోధకుడు బ్రాన్‌స్ట్రోమ్ ప్రయోగములతో ఆ ఊహను బలపరచెను. చలి తగిలినంతనే గొట్టములలోని ద్రవము చురుకుగా కదలును; ఆ కదలిక లోపలనున్న కొద్దిపాటి నాడీతంతువులను సహితము లాగి మేల్కొలుపును. కరెంటునకు చిక్కనివి ఈ కదలికకు చిక్కును.

ఇక పరీక్షింపబడువాడు పసివాడనుట మరువరాదు. యంత్రమును చూచి బెదరిన బిడ్డ అది తాకకమునుపే కేకవేయును. మెప్పుకోరు బిడ్డ తాకినను తాకకున్నను చేయి ఎత్తును. కనుక నేర్పుగల వైద్యుడు ముందుగా దెబ్బతినని ప్రక్కపన్నును పరీక్షించి, ఎట్లుండునో బిడ్డకు తెలియజేసి, పిదప దెబ్బతిన్న పంటిని అడుగును. మధ్యలో ఒక్కొక్కసారి చలి లేని పుల్లనే తాకించి, బిడ్డ జవాబు నిజమైనదో కాదో తెలిసికొనును.

దెబ్బతిన్న పంటికి మరియొక చిక్కు గలదు. దెబ్బకు నాడి తాత్కాలికముగా మొద్దుబారును. ప్రమాదము జరిగిన నాడు, ఆ తరువాత కొన్ని వారములు, ఒక్కొక్కప్పుడు 3 నెలలు గడచినను అది పలుకకపోవచ్చును. 1965లో ఓమాన్ చిన్నవారి దంతములను తిరిగి నాటినప్పుడు అవి మానుటను, వాటిలో నొప్పి తెలియుటను గూర్చి పరిశోధన ప్రకటించెను. పూర్తిగా ఊడి మరల నాటబడిన లేతపంటిలో సహితము నాడి తిరిగి చిగుర్చగలదు. కొన వెడల్పుగా తెరచియుండుట బలహీనతయే కాని ఇచ్చట అదియే వరమగును. ఆ వెడల్పు ద్వారమున రక్తనాళములు తిరిగి లోనికి చేరుట సులభము. అందుచేతనే ఒక్క పరీక్షలో పలుకనంతమాత్రమున గుజ్జు చచ్చినదని నిర్ణయింపరాదనియు, రంగు మారుట, వేరు కొనవద్ద ఎముక కరగుట, వేరు పెరుగుదల నిలిచిపోవుట వంటి మరియొక చిహ్నమైనను తోడు రావలెననియు నేటి వైద్యశాస్త్రము శాసించుచున్నది.

తొందరపడినచో నష్టమెట్టిదో స్వీడను దేశపు ఛ్వెక్ 1992లో చూపెను. దెబ్బతిని గుజ్జు చచ్చిన పై ముందుపండ్లకు చికిత్స చేసి ఏండ్ల తరబడి గమనింపగా, వేరు మెడవద్ద విరిగినవి గణనీయముగా కనబడినవి. వేరు దాదాపు పూర్తియైన వానిలో అట్లు విరిగినవి నూటికి 28. వేరు మిక్కిలి లేతగా నున్న వానిలో నూటికి 77. లేతపంటి గుజ్జును పోగొట్టుకొనుటకు మూల్యమిది. బ్రతికియున్న గుజ్జును పొరపాటున తీసివేసినచో ఆ మూల్యమును మనమే చేజేతుల చెల్లించినట్లగును. ఇదే వైద్యుడు 1978లో మరియొక సంగతి తెలియజేసెను. విరిగి గుజ్జు బయటపడిన ముందుపండ్లు 60 తీసికొని, పైభాగపు గుజ్జును కొద్దిగా మాత్రమే తొలగించి మందుపెట్టి మూయగా, నూటికి 96 వంతులు మానినవి. గుజ్జును నమ్మినచో అది మేలే చేయును.

నిజముగా గుజ్జు చచ్చిన లేతపంటికిని ఇప్పుడు దారులు గలవు. 1966లో అమెరికా వైద్యుడు ఫ్రాంక్, మందుతో వేరు కొనను మూయించు పద్ధతిని వివరించెను. 2001లో జపానునుండి ఇవాయా, ఆయన సహచరులును, 2004లో అమెరికానుండి బాంక్స్, ట్రోప్ అనువారును, చచ్చిన గుజ్జుగల లేతపంటిలోనికి తిరిగి జీవకణజాలము చేరి వేరు పెరిగిన ఉదాహరణములను ప్రకటించిరి.

నాడిని అడుగుటకు బదులు రక్తమునే అడుగరాదా యను ఆలోచన సహజముగా కలిగినది. 1986లో స్వీడను దేశపు గజేలియస్, ఆయన సహచరులు లేసరు కిరణముతో గుజ్జులోని రక్తప్రవాహమును బయటనుండియే గుర్తించిరి. 1974లో జపాను ఇంజనీరు అవొయాగి ప్రకటించిన సూత్రముపై వచ్చిన పల్స్ ఆక్సీమీటరును పంటికి అన్వయించి 1991లో ష్నెట్లర్, వాలెస్ అనువారు పరీక్షించిరి. 2020, 2021 సంవత్సరముల కోవిడ్ కాలమున మన యిండ్లలో వ్రేలికి తగిలించుకొని చూచుకొన్నది ఈ పరికరమునే. 2007లో మన పొరుగున చెన్నపట్టణమున గోపీకృష్ణ, ఆయన సహచరులు పంటికి సరిపోవు ప్రత్యేకమైన తొడుగును చేయించి, విద్యుత్పరీక్షతోను శీతలపరీక్షతోను దానిని సరిపోల్చి, అది వాటికంటె మేలుగా నిజము చెప్పుచున్నదని ప్రకటించిరి. ఈ సాధనములు ఇంకను ప్రతి దంతవైద్యశాలకు చేరలేదు. చలి, కరెంటు, ఎక్స్‌కిరణచిత్రము, అన్నిటికి మించి ఓపిక, ఇవియే నేటికిని నిత్యోపయోగమున గల సాధనములు.

కనుక గృహస్థులకు మా మనవి యిది. బిడ్డ పడి ముందుపన్ను విరిగినచో ముక్కను వెదకి, పాలలో వేసి వైద్యునివద్దకు కొనిపొండు. శాశ్వతదంతము మొత్తముగా ఊడివచ్చినచో వేరును ముట్టక పైభాగమును పట్టుకొని, మట్టి అంటియున్న చల్లని పాలతోనో నీటితోనో క్షణకాలము కడిగి, వీలైనచో ఆ గూటిలోనే నిలుపుడు. వీలుకానిచో పాలలో ఉంచి గంటలోపల వైద్యుని చేరుడు. ఊడినది పాలపన్నైనచో దానిని తిరిగి పెట్టరాదు. నొప్పి తగ్గినదని మరల చూపించుట మానరాదు. వైద్యుడు రమ్మన్న తేదీలను గోడ క్యాలెండరుమీద గుర్తువేసికొనుడు. ఒక్కనాటి పరీక్షలో తెలియనిది ఆ తేదీలలోనే తేలును.

పంటి ముందు యంత్రము పెట్టినంతనే సత్యము వెలువడునని పెద్దలు నమ్మిరి. కాలము రానిదే కొన్నిటికి మాట రాదని పిల్లల పండ్లు తెలియజేసినవి. మీ బిడ్డ పన్ను పలుకలేదని వైద్యుడు చెప్పిన నాడు, దానిని ఎప్పుడు తీసివేయుదురని అడుగవలదు. మరల ఎప్పుడు తీసికొనిరావలెనని అడుగుడు.